వంద పరీక్షలూ నెగ్గాయి, పుట్టి లెక్క మాత్రం తప్పింది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక పల్లె. బెంగళూరులో కొన్నేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నాను. జావా, దాని పరీక్షల ఫ్రేమ్‌వర్క్ జేయూనిట్, బ్రౌజరును నడిపి పరీక్షించే సెలీనియం నాకు బాగా అలవాటు. బుచ్చిరెడ్డిపాళెంలో ధాన్యం కొనే మా మామయ్య కోసం, తీరిక వేళల్లో హాస్కెల్ భాషలో తూకం, బిల్లు లెక్కలు కట్టే ప్రోగ్రాం రాస్తున్నాను. పరీక్షలకు హెచ్‌స్పెక్ అనే ఫ్రేమ్‌వర్క్‌ను, దానితోపాటు ఉదాహరణలను తానే పుట్టించే క్విక్‌చెక్‌ను పెట్టుకున్నాను. రెండు తూకాలను కలిపే ఫంక్షన్‌కు రెండు ధర్మాలు రాశాను. తూకాలను అటూ ఇటూ మార్చి కలిపినా జవాబు మారకూడదన్నది ఒకటి, మొత్తం కిలోలు పెరగకూడదు, తగ్గకూడదన్నది రెండోది. విలువలు రుణ సంఖ్యలు కాకూడదని మొదట షరతు పెడితే క్విక్‌చెక్ మధ్యలోనే చేతులెత్తేసింది. షరతు తీసేసి, సంఖ్యల గుర్తు కొట్టేసి పరమ మూల్యం తీసుకుంటే వందకు వంద పరీక్షలూ నెగ్గాయి. తీరా మొన్న కల్లం దగ్గర రెండు కాటా చీటీలు కలిపితే బిల్లు మీద "3 పుట్లు 1000 కిలోలు" అని వచ్చింది. మా పెద్ద గుమస్తా అది చూసి, "వెయ్యి కిలోలంటే పుట్టి దాటిపోలేదా అబ్బయా" అని నవ్వారు. ఫ్రేమ్‌వర్క్ మార్చాలా? జావాలో మాక్‌లు (అసలు వస్తువుల బదులు పెట్టే నకిలీలు), సెటప్‌లు రాసినట్టు ఇక్కడ ఎలా రాయాలి? హాస్కెల్‌లో కంపైల్ అయితే చాలు, పరీక్షలతో పనేముందని నా మిత్రులు అంటారు. అది నిజమేనా?

సమాధానం: ఫ్రేమ్‌వర్క్‌ను మార్చవద్దు. హెచ్‌స్పెక్ చేయవలసిన పని అది చేసింది, క్విక్‌చెక్ అడిగినదానికి అది నిజమే చెప్పింది. మీ గుమస్తాగారు ఒక్క చూపులో పట్టుకున్న నియమం మీ పరీక్షల్లో ఎక్కడా లేకపోవడమే అసలు లోపం. పుట్టి మీద మిగిలిన కిలోలు ఎప్పుడూ 850కి లోపే ఉండాలన్నది ఆ నియమం. నెల్లూరు సీమలో పుట్టి అంటే 850 కిలోలని చిన్నపిల్లవాడికైనా తెలుసు కనుక, దానిని వేరే రాయాలని మీకు తోచి ఉండదు. తెలిసినదాన్ని రాయకుండా వదిలేయడం టెస్టింగ్‌లో ఏళ్లు గడిపినవారికి కూడా జరిగేదే.

మీ ఫంక్షన్ ఏం చేస్తున్నదో మీరు రాసిన బిల్లు నుంచే ఊహించవచ్చు. మొదటి చీటీ 2 పుట్లు 600 కిలోలు, రెండోది 1 పుట్టి 400 కిలోలు అయి ఉంటే, అది పుట్లను పుట్లతో, కిలోలను కిలోలతో కలిపి 3 పుట్లు 1000 కిలోలు అన్నది. వెయ్యిలోంచి 850 తీసి ఒక పుట్టిగా పైకి చేర్చి 4 పుట్లు 150 కిలోలు అనాలి, అనలేదు. ఇప్పుడు మీ రెండు ధర్మాలను ఈ తప్పు ఫంక్షన్ మీదే పెట్టి చూడండి. చీటీలను అటూ ఇటూ మార్చినా 3 పుట్లు 1000 కిలోలే వస్తుంది, కనుక మొదటిది నెగ్గుతుంది. మొత్తం కిలోలు సరైన లెక్కలో 3550, తప్పు లెక్కలోనూ 3550, కనుక రెండోదీ నెగ్గుతుంది. అంటే మీరు రాసిన రెండు ధర్మాలూ నిజమైనవే, కాని ఈ తప్పుకు ఆ రెంటితోనూ సంబంధం లేదు.

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో అకరణీయ సంఖ్యల పాఠాన్ని గుర్తు చేసుకోండి. సంవృత ధర్మం, స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం అని వరుసగా వల్లె వేసేవాళ్లం, ఎందుకో తెలియకుండానే. అటూ ఇటూ మార్చినా జవాబు మారకూడదన్న స్థిత్యంతర ధర్మాన్ని మీరు పరీక్షించి, సంవృత ధర్మాన్ని వదిలేశారు. రెండు అకరణీయ సంఖ్యలను కలిపితే అకరణీయ సంఖ్యే రావాలన్నట్టుగా, సక్రమమైన రెండు తూకాలను కలిపితే వచ్చేదీ సక్రమమైన తూకమే కావాలి. ఆ పాఠం చదివే రోజుల్లో అన్నిటికంటే పనికిమాలినదిగా కనిపించిన ధర్మం అదే. ప్రోగ్రాములు రాసేటప్పుడు మాత్రం నేను దానినే అన్నిటికంటే ముందు రాస్తాను, ఎందుకంటే కొత్త విలువను తయారు చేసే ప్రతి ఫంక్షన్‌నూ అది ఒకే ప్రశ్న అడుగుతుంది: నువ్వు ఇచ్చింది మా వ్యాపారంలో చెల్లే విలువేనా?

అయితే ఆ ధర్మాన్ని మీరు రాసి ఉన్నా పరీక్షలు నెగ్గేవే. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి ఇదే కనుక దీని మీద కొంచెం ఎక్కువ సేపు నిలుస్తాను.

క్విక్‌చెక్‌ను స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ అనే ఇద్దరు తయారు చేసి 2000 సంవత్సరంలో ప్రకటించారు. ఉదాహరణలను మనిషి ఒక్కొక్కటిగా రాయకుండా, ఎప్పుడూ నిలవవలసిన ధర్మాన్ని మాత్రం మనిషి చెబితే, ఉదాహరణలను యంత్రమే యాదృచ్ఛికంగా పుట్టించి ఆ ధర్మాన్ని పడగొట్టడానికి ప్రయత్నించాలన్నది వారి ఆలోచన. మామూలుగా ఒక్కో ధర్మానికి అది వంద ఉదాహరణలు పుట్టిస్తుంది. అయితే ఆ వంద ఎలాంటివి? చిన్న విలువలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవడానికి అది సైజు అనే ఒక కొలతను లోపల ఉంచుకుంటుంది. ఆ కొలత సున్నాతో మొదలై వంద దాకా పెరుగుతుంది. పూర్ణాంకాలను ప్రత్యేకంగా ఏమీ చెప్పకుండా అడిగితే, ఆ సైజుకు అటూ ఇటూ, అంటే దాదాపుగా మైనస్ వందకూ వందకూ మధ్యనే అవి వస్తాయి.

ఇప్పుడు మీ కిలోలను చూడండి. గుర్తు కొట్టేశాక మీకు వచ్చినవి సున్నాకూ వందకూ మధ్య సంఖ్యలు. రెండు చీటీల కిలోలు కలిపినా రెండు వందలు దాటవు. 850 గీతను దాటే సందర్భం వంద పరీక్షల్లో ఒక్కసారి కూడా రాలేదు, వంద బదులు లక్ష పరీక్షలు నడిపినా రాదు. కాలువ ఇవతలే తిరుగుతూ అవతలి పొలంలో కలుపు లేదని చెప్పినట్టు అయింది. యంత్రం పుట్టించిన ఉదాహరణలు మన వ్యాపారంలోని కొలతల దాకా వచ్చాయో లేదో చూసుకోవలసిన బాధ్యత మనదే.

మీ మొదటి షరతు ఎందుకు పని చేయలేదో కూడా ఇక్కడే చెప్పవచ్చు. రెండు చీటీలకు కలిపి పుట్లు రెండు, కిలోలు రెండు, మొత్తం నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి రుణ సంఖ్య కాకుండా ఉండే అవకాశం దాదాపు సగం, నాలుగూ ఒకేసారి కాకుండా ఉండే అవకాశం పదహారింట ఒక వంతు. అంటే పనికొచ్చే ఒక్క ఉదాహరణకు పదిహేను పారవేయాలి. ఒక్కో పరీక్షకు సగటున పదికి మించి పారవేయవలసి వస్తే క్విక్‌చెక్ ప్రయత్నం మానుకుంటుంది. అది లోపం కాదు, మీరు ఉదాహరణలను పుట్టించే పద్ధతి తప్పని చేసిన హెచ్చరిక. మీరు ఆ హెచ్చరికను విని దారి మార్చుకున్నారు, కాని వెళ్లిన సందు కూడా తప్పుదే. జల్లెడ పట్టి ఏరడం కంటే మొదటి నుంచీ కావలసినవే పుట్టించడం మేలు. కిలోల కోసం చూజ్ అనే ఫంక్షన్‌తో 0 నుంచి 849 వరకు, పుట్ల కోసం మీ మామయ్యగారు ఒక లారీకి ఎక్కించే హద్దు వరకు ఎంచుకునే జనరేటరు మీరే రాయండి. కిలోలను అలా ఎంచితే రెండు చీటీలు కలిసి 850 దాటే సందర్భాలు సగానికి సగం వస్తాయి.

వస్తాయని నేను చెప్పడం కాదు, మీరే లెక్కపెట్టించుకోండి. క్లాసిఫై అనే ఫంక్షన్‌తో ప్రతి ఉదాహరణకూ "పుట్టి దాటింది", "దాటలేదు" అని పేరు తగిలిస్తే, పరీక్షలు ముగిశాక ఏది ఎంత శాతమో అది చూపిస్తుంది. కవర్ అనే ఫంక్షన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఫలానా రకం ఉదాహరణలు కనీసం ఇంత శాతం ఉండాలని అడగనిస్తుంది. కవర్ ఒక్కటే ఉంటే శాతం తగ్గినప్పుడు హెచ్చరించి ఊరుకుంటుంది, చెక్‌కవరేజ్‌ను కూడా పెడితేనే పరీక్ష ఓడిపోతుంది. నా మటుకు నేను, ఒక హద్దు దగ్గర లెక్క మారే ఫంక్షన్ ఏదైనా సరే, కవర్, చెక్‌కవరేజ్ రెండూ లేని ధర్మాన్ని పూర్తయినదిగా లెక్కపెట్టను.

ధర్మం ఓడిపోయినప్పుడు క్విక్‌చెక్ దొరికిన ఉదాహరణను కుదించి కుదించి అతి చిన్నదాన్ని చూపిస్తుంది. మీ విషయంలో ఇది అందంగా పని చేస్తుంది. మొదట ఏ 7 పుట్లు 812 కిలోలతోనో ఓడినా, కుదింపు అయ్యాక పుట్లు రెండూ సున్నాకు దిగి, కిలోల మొత్తం సరిగ్గా 850 దగ్గర ఆగుతుంది, 433, 417 అన్నట్టుగా. ఆ మొత్తం చూడగానే తప్పు ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరు. అయితే ఒక మెలిక ఉంది. ఫర్‌ఆల్ అనే ఫంక్షన్‌కు జనరేటరును నేరుగా ఇచ్చి రాసిన ధర్మానికి కుదింపు జరగదు. ఫర్‌ఆల్‌ష్రింక్ వాడాలి, లేదా తూకం టైపుకు ఆర్బిట్రరీ ఇన్‌స్టన్స్ (ఆ టైపు విలువలను ఎలా పుట్టించాలో చెప్పేది) రాసి, అందులో కుదించే పద్ధతి చెప్పే ష్రింక్‌ను కూడా మీరే రాయాలి. రాయకపోతే అది ఖాళీ జాబితాగానే ఉంటుంది. రాసేటప్పుడు కుదించిన విలువలు కూడా సక్రమమైన తూకాలే అయ్యేలా చూసుకోండి, లేకపోతే చివరికి రుణ కిలోల ఉదాహరణ చూపించి మిమ్మల్ని వేరే దారి పట్టిస్తుంది.

ఓడిన ప్రతి ఉదాహరణనూ హెచ్‌స్పెక్‌లో ఒక మామూలు పరీక్షగా, జవాబు ఇదే కావాలని చెప్పే షుడ్‌బీతో, శాశ్వతంగా చేర్చుకోండి. యాదృచ్ఛిక పరీక్షకు రేపు అదే ఉదాహరణ మళ్లీ తగులుతుందన్న హామీ లేదు. అప్పటికప్పుడు అదే వరుసను మళ్లీ నడపవలసి వస్తే, హెచ్‌స్పెక్ ఓటమితోపాటు చూపించే సీడ్ సంఖ్యను తిరిగి ఇస్తే సరిపోతుంది.

ఇక మీ మిత్రుల మాట. కంపైల్ అయితే చాలునన్న మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని మీరు ఇంకా వాడుకోలేదు. పుట్లు, కిలోలు అని రెండు విడి సంఖ్యలుగా తూకాన్ని దాచడం వల్లనే 3 పుట్లు 1000 కిలోలు అనే విలువ పుట్టగలిగింది. తూకాన్ని లోపల ఒట్టి కిలోలుగానే, న్యూటైప్ అనే వేరే టైపు ఒకటి చుట్టి, దాని కన్‌స్ట్రక్టరును, అంటే ఆ విలువను తయారు చేసే దారిని, మాడ్యూల్ బయటికి ఇవ్వకుండా దాచండి. పుట్లుగా విడగొట్టడం బిల్లు అచ్చు వేసే ఆఖరి నిమిషంలో మాత్రమే జరగాలి. అప్పుడు కలపడం అంటే మామూలు సంకలనమే, నిండిన పుట్టిని పైకి చేర్చామా లేదా అన్న ప్రశ్నే రాదు. విడగొట్టే ఫంక్షన్ ఒక్కదానికే మన సంవృత ధర్మం కావాలి, దానితోపాటు విడగొట్టినదాన్ని తిరిగి కలిపితే మొదటి కిలోలే రావాలన్న ధర్మం కావాలి. ధరను తూకంతో, తూకాన్ని తేమ శాతంతో పొరపాటున కలపబోతే కంపైలరే ఆపుతుంది. ఆ పొరపాట్ల కోసం పరీక్షలు రాయడం నిజంగానే వృథా.

మిగతా సగానికి మాత్రం కంపైలర్ ఏమీ చేయలేదు. పుట్టికి 850 బదులు మీరు 805 అని రాసి ఉంటే అది సంతోషంగా ఒప్పుకుంటుంది. పుట్టి అసలు తూముల లెక్కలో పుట్టిన కొలత, ఇరవై తూములు ఒక పుట్టి, పది తూములు పందుము, ఐదు తూములు ఏదుము. కొలిచే మాట ఒకటే అయినా దానికి ఎన్ని కిలోలన్నది ఊరి వాడుకే చెప్పాలి. అలాంటి అంకెలను తేల్చేవి మనిషి చేత్తో రాసిన ఉదాహరణలే కనుక, ధర్మాలు వచ్చాయని మామూలు పరీక్షలను మానవద్దు. గుమస్తాగారి పాత చిట్టాలోంచి ఒక ఇరవై చీటీలు, వీలైనంత వంకర టింకరవి, తూకం, తేమ, తరుగు, ధర, చెల్లించిన మొత్తం ఉన్నవి తీసుకుని ఒక పట్టికగా పరీక్షల్లో పెట్టండి. జవాబు గడిలోని అంకె ఆయన రాసినదే కావాలి, మీ ప్రోగ్రాం ఇచ్చినది కాకూడదు.

ఆ మాట గట్టిగా చెప్పడానికి నాకొక సొంత కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒంగోలులో తెలిసినవారి పొగాకు లెక్కల కోసం, వేలంలో అమ్మిన బేళ్ల సగటు ధర కట్టే ఫంక్షన్ రాశాను. బేళ్ల ధరలన్నీ కలిపి బేళ్ల సంఖ్యతో భాగించాను, పరీక్షలోనూ అదే సూత్రాన్ని ఇంకొకసారి రాసి రెండూ సమానమేనా అని అడిగాను. సమానం కాక ఏమవుతాయి? కిలో 200 రూపాయల చొప్పున 100 కిలోల బేలు, 140 చొప్పున 50 కిలోల బేలు అమ్మితే రైతుకు వచ్చినది 27,000, తూకం 150 కిలోలు, సగటు 180. నా ప్రోగ్రాం 170 అన్నది. సగటు అన్నిటికంటే తక్కువ ధరకూ ఎక్కువ ధరకూ మధ్యన ఉండాలన్న ధర్మం రాసుకున్నా ఇది దొరికేది కాదు, 170 కూడా మధ్యనే ఉంది కదా. సగటును మొత్తం తూకంతో గుణిస్తే చేతికి వచ్చిన సొమ్ము రావాలన్న ధర్మం మాత్రం మొదటి దెబ్బకే పట్టేది. ఫంక్షన్‌ను పరీక్షలో మళ్లీ రాయకుండా, జవాబును వేరే దారిలో వెనక్కి నడిపించి చూడాలని అప్పుడు నేర్చుకున్నాను.

మీ బిల్లులో ఇంకా బయటపడని తప్పు ఒకటి ఉండవచ్చునని నా అనుమానం, అది రూపాయలకు సవరించే చోట. హాస్కెల్‌లోని రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకు వెళ్తుంది, మన బడిలో నేర్పినట్టు పైకి వెళ్లదు. పుట్టి ధర 20,001 రూపాయలు అనుకుని 425 కిలోలకు కట్టండి. సరిగ్గా అర పుట్టి కనుక 10,000 రూపాయల 50 పైసలు. గుమస్తాగారు 10,001 రాస్తారు, మీ ప్రోగ్రాం 10,000 అంటుంది. ధర 20,003 అయితే మాత్రం ఇద్దరూ 10,002 అనే అంటారు. ఒకసారి కలిసి, ఒకసారి కలవకపోతే అవతలివారికి ప్రోగ్రాం మీద పుట్టే అనుమానం మామూలుది కాదు. ఇదంతా దశాంశాలను ఉజ్జాయింపుగా ఉంచే డబుల్ టైపులో దాచకుండా ఉన్నారన్న నమ్మకంతో చెబుతున్నాను. డబ్బు లెక్కకు పైసలను పూర్ణాంకంగానో, మధ్యలోని భాగహారాలకు భిన్నాన్ని ఉన్నదున్నట్టు ఉంచే రేషనల్ టైపునో వాడండి.

ఇక్కడే ఒక ధర్మం రాసి చూడండి: ఒక ధాన్యాన్ని ఒకే చీటీగా తూచినా, రెండు చీటీలుగా తూచినా సొమ్ము ఒకటే కావాలి. ఇది ఓడిపోతుంది. పై ఉదాహరణలోనే 850 కిలోలకు ఒకే చీటీ అయితే 20,001, రెండు 425ల చీటీలు అయితే మీ ప్రోగ్రాం లెక్కలో 20,000, గుమస్తాగారి పద్ధతిలో 20,002. మూడు జవాబుల్లో ఏది సరైనదో హాస్కెల్ చెప్పదు, నేనూ చెప్పలేను. చీటీ చీటీకీ సవరించాలా, రైతు మొత్తం బిల్లు మీద ఒక్కసారే సవరించాలా అన్నది మీ మామయ్యగారు, గుమస్తాగారు కూర్చుని తేల్చవలసిన వ్యాపార నియమం. ఇన్నాళ్లూ ఎవరూ అడగనందున చీటీని బట్టి, చేతిని బట్టి జరిగిపోయి ఉంటుంది. ధర్మం ఓడిపోయిందంటే ప్రతిసారీ ప్రోగ్రాంలో తప్పుందని కాదు, కొన్నిసార్లు ఎవరూ తేల్చని ప్రశ్న బయటపడిందని అర్థం. వారు తేల్చాక ధర్మాన్ని దానికి తగినట్టు తిరగరాయండి.

రెండో ప్రశ్నకు, అంటే మాక్‌లకూ సెటప్‌లకూ, జవాబు పొట్టిది. 1997 ప్రాంతంలో కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి రాసిన జేయూనిట్ నుంచి మనందరికీ వచ్చిన అలవాటు ఏమిటంటే, ప్రతి పరీక్షకూ ముందు వస్తువులను పేర్చడం, తర్వాత తుడవడం. హాస్కెల్‌లోనూ ఆ బాణీలోదే హెచ్‌యూనిట్ ఉంది, హెచ్‌స్పెక్‌లోనూ బిఫోర్, అరౌండ్ ఉన్నాయి. కాని శుద్ధమైన ఫంక్షన్‌కు పేర్చవలసినదేమీ ఉండదు, ఇచ్చినది తీసుకుంటుంది, జవాబు ఇస్తుంది. కనుక మాక్ కావాలని అనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ ఫంక్షన్ లోపల ఐఓ, అంటే బయటి ప్రపంచంతో మాట్లాడే పని, ఎందుకు ఉందో అడగండి. ఈ రోజు తేదీ కావలసిన ఫంక్షన్ గడియారాన్ని అడగకుండా తేదీని ఆర్గ్యుమెంటుగా తీసుకోవాలి, ధరల పట్టిక కావలసినది డేటాబేసు దగ్గరికి పోకుండా పట్టికనే తీసుకోవాలి. డేటాబేసు చదవడం, బిల్లు అచ్చు వేయడం అంచున ఉండే పలుచటి పొరలో ఉంచి, ఆ పొరకు నాలుగైదు పరీక్షలతో సరిపెట్టండి.

ఇది జరగాలంటే ఫైళ్ల అమరిక కూడా దానికి తగినట్టు ఉండాలి. జావా నుంచి వచ్చినవారు తరచుగా అంతా మెయిన్ మాడ్యూల్‌లో రాసేసి, పరీక్షల ఫైల్ నుంచి దానిని ఇంపోర్ట్ చేయలేక తంటాలు పడతారు. లెక్కలన్నిటినీ కబాల్ ఫైల్‌లో, అంటే ప్రాజెక్టు భాగాలను చెప్పే ఫైల్‌లో, లైబ్రరీగా పెట్టండి, మెయిన్‌లో నాలుగు వరుసలకు మించి ఉండనివ్వకండి, పరీక్షలకు వేరే టెస్ట్ సూట్ పెట్టి అది ఆ లైబ్రరీ మీద ఆధారపడేలా చేయండి. పరీక్షల ఫైళ్ల పేర్లు స్పెక్ అనే మాటతో ముగిస్తే హెచ్‌స్పెక్ డిస్కవర్ వాటిని తానే వెతికి పట్టుకుంటుంది. సెలీనియం సంగతి అంటారా, తెర మీది గడులూ బటన్లూ పరీక్షించడానికి జావాలో రాసిన మీ పాత స్క్రిప్టులనే నిశ్చింతగా ఉంచుకోండి. సెలీనియం బ్రౌజరును నడిపే పద్ధతి వెబ్‌డ్రైవర్ 2018 నుంచి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణం, అవతల సర్వరును ఏ భాషలో రాశారో బ్రౌజరుకు తెలియవలసిన అవసరం లేదు. అయితే పుట్టి లెక్కను తెర మీద నుంచి పరీక్షించే పని మాత్రం పెట్టుకోకండి. అక్కడ ఒక ఉదాహరణకు పట్టే సమయంలో క్విక్‌చెక్ వేల ఉదాహరణలు చూస్తుంది.

జావా అలవాటు ఉన్నవారిని హాస్కెల్ ఒక చోట తప్పక పడగొడుతుంది కనుక అడగకపోయినా చెబుతున్నాను. హాస్కెల్ విలువలను అవసరం వచ్చేదాకా లెక్కకట్టదు. తేమ శాతం వంద దాటితే మీ ఫంక్షన్ ఎర్రర్ విసరాలని రాసి, దానిని రిటర్న్‌తో చుట్టి, ఎర్రర్ వచ్చిందా అని చూసే షుడ్‌త్రోతో పరీక్షిస్తే, ఏ ఎర్రరూ రాలేదని పరీక్ష ఓడిపోతుంది, ఎందుకంటే ఆ విలువను ఎవరూ అడగలేదు, అది ఎవరికీ జవాబు చెప్పలేదు. విలువను అప్పుడే లెక్కకట్టించే ఎవాల్యుయేట్‌తో చుట్టాలి. అదీ పైపొరనే తెరుస్తుంది. జవాబు జస్ట్ అనే ఒక పొర లోపలో జాబితా లోపలో ఉండి, ఎర్రర్ ఇంకా లోపల దాగి ఉంటే, డీప్‌సీక్ (deepseq) అనే హాస్కెల్ లైబ్రరీలోని ఫోర్స్ ఫంక్షన్‌తో అడుగుదాకా తెరిపించాలి. నన్ను అడిగితే ఈ గొడవంతా వద్దు. చెల్లని తేమ శాతానికి ఎర్రర్ విసరకుండా ఈదర్ టైపుతో, కారణాన్ని మామూలు విలువగా వెనక్కి ఇవ్వండి, అప్పుడు దానిని కూడా షుడ్‌బీతోనే పరీక్షించవచ్చు. పైగా కాటా దగ్గర కూర్చున్న మనిషికి ఆగిపోయిన ప్రోగ్రాం కంటే "తేమ 117 అని పడింది, మళ్లీ చూడండి" అన్న మాట ఎక్కువ పనికొస్తుంది.

అన్నీ రాశాక, పరీక్షలు నెగ్గాయని ఊరుకోకుండా, ప్రోగ్రాంను మీరే చెడగొట్టి చూడండి. 850ని 851 చేయండి, తరుగు తీసే చోట కూడిక పెట్టండి, విడగొట్టే చోట "కంటే తక్కువ"ను "కంటే తక్కువ లేదా సమానం" చేయండి. ఒక్కొక్కదానికీ కనీసం ఒక పరీక్ష ఓడిపోవాలి. ఏ మార్పుకూ ఏ పరీక్షా కదలకపోతే ఆ వరుసను ఇప్పటిదాకా ఎవరూ పరీక్షించలేదన్నమాట. దీనికి ఒక సాయంత్రం చాలు.

మీరు చేయవలసిన వరుస నాకు తోచినంతలో ఇలా ఉంటుంది. ముందు, పాత ఫంక్షన్‌ను దిద్దకుండా, సంవృత ధర్మాన్ని సరైన జనరేటరుతో రాసి అది ఓడిపోవడం కళ్లారా చూడండి. తర్వాత తూకాన్ని ఒట్టి కిలోల టైపుగా మార్చండి. సవరణ నియమాన్ని రాసుకునేదాకా డబ్బు లెక్కలను ముట్టుకోకండి. ఆ నియమం కోసం గుమస్తాగారి దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రోగ్రాం చూపించకుండా, పై మూడు అంకెలను, 20,000, 20,001, 20,002, కాగితం మీద రాసుకుని వెళ్లి, ఇందులో మీరు రైతుకు ఇచ్చేది ఏదని అడగండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతలు మొదలయ్యాక ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు, అంతకు ముందే అడగండి.